చుక్కాని పట్టిన ఆడపడుచులు

ఇండియానుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చినప్పుడు మనలో చాలామంది వారిని రివర్‌సైడ్ మ్యూజియానికి తీసుకువెళ్తాం. లోపల పాత ట్రాములూ ఇంజన్లూ చూపించి, బయట క్లైడ్ ఒడ్డున కట్టివేసి ఉన్న మూడు స్తంభాల ఓడ ముందు నిలబెట్టి ఒక ఫొటో తీస్తాం. ఆ ఓడ పేరు గ్లెన్‌లీ. 1896లో మన పక్కనే పోర్ట్ గ్లాస్గోలో తయారైంది. తెరచాపలమీద సరుకులు మోస్తూ భూగోళాన్ని 4 సార్లు చుట్టివచ్చింది. కేప్ హార్న్ అనే కొమ్మును 15 సార్లు దాటింది.

ఈ కేప్ హార్న్ దక్షిణ అమెరికాకు చిట్టచివర ఉంది. అక్కడ పసిఫిక్, అట్లాంటిక్ సముద్రాలు కలుస్తాయి. ఆ అక్షాంశాల్లో గాలికి అడ్డం వచ్చే నేల దాదాపు లేదు. పడమటి గాలి భూమి చుట్టూ తిరుగుతూ ఊపందుకుంటుంది, దానితో అలలూ పెరుగుతాయి. ఎన్ని ఓడలు అక్కడ మునిగాయో లెక్క చెప్పడం కష్టం. 1914లో పనామా కాలువ తెరిచాక వర్తకులు ఆ దారికి చాలావరకు స్వస్తి చెప్పారు.

2018 జనవరిలో ఆ కొమ్మును 56 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు భారతీయ స్త్రీలు దాటారు. వారిలో ఇద్దరు తెలుగువారు. ఒకరు విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, రెండవవారు హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. క్రికెట్ స్కోర్లు అరనిమిషంలో చెప్పే మన పిల్లల్లో ఈ రెండు పేర్లు తెలిసినవారు ఎందరో నాకు అనుమానమే. అందుకే ఈ వ్యాసం.

పడవ పేరు తారిణి. గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున ఉన్న తారా తారిణి అమ్మవారి పేరు పెట్టారు. బరంపురం వైపు చుట్టాలున్నవారికి ఆ గుడి తెలిసే ఉంటుంది. గోవాలో తయారైన ఈ పడవ 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. ఆ ఏడు సెప్టెంబరు 10న ఆరుగురూ గోవానుంచి బయల్దేరారు. జెండా ఊపి పంపిన నిర్మలా సీతారామన్ రక్షణమంత్రి పదవి చేపట్టి అప్పటికి 3 రోజులే అయింది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండులో లిటిల్టన్, ఫాక్‌లండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ ఆగుతూ, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. మొత్తం 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. లిటిల్టన్‌నుంచి పోర్ట్ స్టాన్లీకి దాదాపు 40 రోజులు పట్టింది. ఆ దారిలోనే 60 నాట్ల గాలి, అంటే గంటకు 110 కిలోమీటర్లు, ఎదురైంది.

నాయకురాలు వర్తికా జోషీది ఉత్తరాఖండ్. ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల్, పాయల్ గుప్తాది డెహ్రాడూన్, విజయాదేవిది మణిపూర్. చూడండి, ఆరుగురిలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరివారు మన స్వాతి ఒక్కరే! ఉద్యోగరీత్యా స్వాతి విమానాల రాకపోకలను నియంత్రించే ఆఫీసరు. ఐశ్వర్య ఓడల రూపకల్పన చేసే ఇంజనీరు. ఒంటరిగా పడవలో భూప్రదక్షిణం చేసిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే వీరికి గురువు. ముందుగా మాదేయి అనే పడవమీద మారిషస్ దాకా వెళ్ళివచ్చి చేయి తిప్పుకున్నారు.

ఇక్కడొక విచిత్రం ఉంది. భారత నౌకాదళం 1992లోనే స్త్రీలను ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. కాని ఈ ఆరుగురూ బయల్దేరేనాటికి యుద్ధనౌకలమీద స్త్రీలకు పోస్టింగులు లేవు. చెప్పిన కారణాలు మనకు కొత్తవి కావు: వసతి లేదు, స్నానాల గది వేరుగా లేదు, నెలల తరబడి మగవాళ్ళ మధ్య ఎలా? వేలటన్నుల ఓడలో స్నానాల గది కుదరలేదు గాని, 56 అడుగుల పడవలో ప్రపంచం చుట్టిరావడం కుదిరింది. శాశ్వత కమిషన్ విషయంలో సుప్రీంకోర్టు స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది 2020లో. నౌకాదళపు యుద్ధనౌకకు తొలి మహిళా కమాండరుగా ప్రేరణా దేవస్థలీ నియమితులైంది 2023లో. 2024 అక్టోబరునుంచి 2025 మే వరకు అదే తారిణిమీద దిల్నా, రూపా అనే ఆఫీసర్లు ఇద్దరే ఇద్దరు భూమిని చుట్టివచ్చారు.

ఇంతకీ పడవ నాయకురాలు చేసే పని ఏమిటి? గోదావరి లాంచీలు ఎక్కినవారికి సరంగు అనే మాట తెలుసు. ఇదీ సరంగు పనే, కాకపోతే కనుచూపు మేరలో ఒడ్డు ఉండదు. ఇటువంటి పడవల్లో కొందరు నిద్రపోతుంటే కొందరు వంతులవారీగా చుక్కాని దగ్గర మేలుకొని ఉంటారు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసిన మన డాక్టర్లకు తెల్లవారుజామున మూడింటికి కళ్ళు ఎలా మండుతాయో వేరే చెప్పాలా! ఆ మూడింటికి గాలి పెరిగితే తెరచాప ఎంత దించాలి, ఎవరిని లేపాలి, ఎవరిని పడుకోనివ్వాలి అన్నది నాయకురాలు తేల్చాలి. నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయి, తడిసిన బట్టలు ఆరతాయా, ఎవరు ముభావంగా ఉన్నారు, ఎవరికి కడుపులో తిప్పుతోంది, ఇవన్నీ ఆమె లెక్కలే. పెద్ద సంసారం దిద్దిన ఇల్లాలికి ఇందులో సగం కొత్త కాదని నాకనిపిస్తుంది. మిగిలిన సగం పటాలు, వాతావరణం, యంత్రాలు. అవి నేర్చుకుంటే వచ్చేవే.

కేప్ టౌన్ దాటి ఇంటిముఖం పట్టాక హిందూ మహాసముద్రంలో తారిణి చుక్కాని యంత్రం పాడైంది. ఇంటి దగ్గర స్వాగతాలు ఎదురుచూస్తున్నాయి. అయినా నాయకురాలు పడవను ముందు అనుకోని మారిషస్ రేవుకు, పోర్ట్ లూయీకి మళ్ళించి, బాగుచేయించుకుని కదిలారు. తుపాను కథలకు పత్రికలలో చోటు ఎక్కువ దొరుకుతుంది గాని, కెప్టెన్‌తనం నాకు ఇక్కడ ఎక్కువ కనిపించింది.

ఐశ్వర్య చదివిన విద్యకూ మన ఊరికీ ఒక చుట్టరికం ఉంది. గోవన్‌లో క్వీన్ ఎలిజబెత్ ఆస్పత్రిలో పనిచేసినవారు దగ్గరలోని ఎల్డర్ పార్కు చూసే ఉంటారు. ఆ పార్కును ఊరికి ఇచ్చిన ఇసబెల్లా ఎల్డర్, భర్త జాన్ ఎల్డర్ 1869లో చనిపోయినప్పుడు ఆయన ఓడల కర్మాగారాన్ని కొన్ని నెలలపాటు తానే నడిపింది. 1883లో ఆమె ఇచ్చిన సొమ్ముతో గ్లాస్గో యూనివర్శిటీలో నౌకానిర్మాణ శాస్త్రానికి భర్త పేరుమీద ఆచార్య పదవి వెలిసింది. ప్రపంచంలో ఆ శాస్త్రానికి అదే మొదటిదంటారు. ఆమె విగ్రహం ఆ పార్కులోనే ఉంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి.

ఓడ నడిపిన ఆడది కావాలన్నా ఎక్కువ దూరం పోనక్కరలేదు. సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే ఎయిర్‌షైర్ తీరంలో సాల్ట్‌కోట్స్ వస్తుంది. బెట్సీ మిల్లర్ ఆ ఊరిలో 1792లో పుట్టింది. తండ్రి తర్వాత అప్పుల్లో ఉన్న క్లైటస్ అనే ఓడ ఆమె చేతికి వచ్చింది. అప్పు 700 పౌన్లు, ఆ రోజుల్లో అది కొండంత. ఎవరినో కెప్టెన్‌గా పెట్టకుండా తానే ఓడెక్కి, బొగ్గు నింపుకుని ఐర్లండుకు ముప్పై ఏళ్ళకు పైగా తిప్పి ఆ అప్పు తీర్చింది. డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా మానలేదు. ఒకసారి అర్విన్ అఖాతంలో గాలివానకు ఓడ ఇసుకమీదికి కొట్టుకుపోతుంటే, తాను కిందికి వెళ్ళి ఉతికిన లోదుస్తు వేసుకువస్తానని, శవమై ఒడ్డుకు చేరితే అర్విన్ జనం అన్నీ పట్టి చూస్తారని పనివాళ్ళతో అన్నదట. ఇంతలో గాలి తిరిగి ఓడ దక్కింది. ఈ కథ ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అమ్మమ్మ కూడా ప్రయాణానికి ముందు సరిగ్గా ఇలాగే ఆలోచించేది!

ఇంత పాతకాలపు మార్గదర్శి ఉన్నా లోకం నెమ్మదిగానే కదిలింది. 2021లో అంతర్జాతీయ ఓడల సంఘాలు లెక్కవేస్తే వర్తక నౌకలమీద స్త్రీలు 24,059 మంది, అంటే నూటికి 1.28. అందులో కెప్టెన్లు ఇంకెందరుంటారు? మన దేశపు వర్తక నౌకాదళంలో తొలి మహిళా కెప్టెన్ రాధికా మీనన్ కేరళవారు. 2015 జూన్‌లో ఒడిషాలోని గోపాల్‌పూర్ తీరానికి ఆవల ఇంజను చెడి, లంగరు పోయి, తుపానులో కొట్టుకుపోతున్న చేపల పడవనుంచి ఏడుగురిని ఆమె తన ఆయిలు ఓడమీదికి ఎక్కించారు. పడవ పేరు దుర్గమ్మ. తిండీ నీళ్ళూ కొట్టుకుపోగా, చేపలకోసం పెట్టుకున్న ఐసు తిని ప్రాణం నిలుపుకున్నారు వాళ్ళు. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం రాధికగారికి దక్కింది. స్త్రీకి అది దక్కడం అదే మొదలు.

ఇక మన ఇళ్ళ సంగతి. ఆడపిల్లకు ఈత నేర్పిస్తాం, వయొలిన్ నేర్పిస్తాం, శనివారం నాట్యానికి తిప్పుతాం. లార్గ్స్‌లో పడవలు చూసి తనూ ఎక్కుతానంటే మాత్రం చలి అంటాం, జలుబు చేస్తుందంటాం, పరీక్షలంటాం. చలి నిజమే, కాదనను. కాని మార్కులు తెచ్చుకోవడం, చెప్పింది చేయడం మన అమ్మాయిలకు బాగా వచ్చు. పదిమందిలో ఆఖరిమాట తనదిగా చెప్పవలసిన చోటు వాళ్ళకు ఎంత చిన్న వయసులో దొరికితే అంత మంచిదని నా అభిప్రాయం. ఒప్పుకోనివారు వచ్చే సంచికకు రాయండి.

దారి మరీ కష్టమైనదేమీ కాదు. ఈ దేశంలో సొంత సరదాకు పడవ నడపడానికి లైసెన్సు అక్కరలేదు. కాని రాయల్ యాటింగ్ అసోసియేషన్ పద్ధతిలో మెట్టుమెట్టుగా నేర్పుతారు. మొదట సిబ్బందిలో ఒకరుగా పనిచేయడం, తర్వాత డే స్కిప్పర్, పైన యాట్‌మాస్టర్. పడవమీద నేర్పే డే స్కిప్పర్ కోర్సుకు 16 ఏళ్ళు నిండాలి. యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు 50 రోజుల సముద్రానుభవం, 2,500 మైళ్ళు చూపించాలి. 60 మైళ్ళకు మించిన ప్రయాణాలు 5 చేసి ఉండాలి. వాటిలో రెండు రాత్రిపూటవి, రెంటికి తానే నాయకురాలు. డబ్బు తీసుకుని కెప్టెన్‌గా పనిచేయాలంటే ఆ సర్టిఫికెట్టుపైన వైద్య పరీక్ష వంటివి మరికొన్ని కావాలి.

స్కూలు పరీక్షలు జూన్ మొదటికల్లా అయిపోతాయి. అప్పుడు క్లైడ్‌మీద రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, అల్లం మురబ్బా ఒక పొట్లం పెట్టి పంపండి. కడుపులో తిప్పినప్పుడు అల్లం పనిచేస్తుంది.