పశువులు ఈనునపుడు నొప్పులను నడుపు హార్మోనులు

హైదరాబాదునందలి తార్నాక, బౌద్ధనగరు వంటి పేటల యిండ్లకు దినదినము చేరు పాలకు మూలము పల్లెలోని గేదె క్షేమముగా ఈనుటయే. ఈనునపుడు తొందరపడి వేయించిన సూదిమందు ఒక్కటి తల్లిని, దూడను గూడ చంపవచ్చును. కావున నొప్పులు కలుగు విధమును రైతులు తెలిసికొనవలయును.

ఆవు సుమారు 280 దినములు, గేదె సుమారు 310 దినములు చూడితో నుండును. ఆ కాలమంతయు ప్రొజెస్టిరాన్ అను హార్మోను గర్భాశయ కండరమును కదలనీయక శాంతముగా నుంచును. నెలలు నిండగానే మొదటి సూచన దూడనుండియే వెలువడును. దూడయొక్క అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను హెచ్చుగా విడుచుటచే తల్లియందు ప్రొజెస్టిరాన్ తగ్గి, ఈస్ట్రొజెన్ పెరుగును. అంతట ప్రాస్టాగ్లాండిను లను ద్రవ్యములు పుట్టి, గర్భాశయ ముఖమును మెత్తపఱచి, కండరమును సంకోచింపజేయును. ఈస్ట్రొజెన్ వలన ఆ కండరమునకు ఆక్సిటోసిన్‌ను గ్రహించు శక్తి హెచ్చును. దూడ గర్భాశయ ముఖమును ఒత్తినకొలది ఆ స్పర్శ నరములద్వారా మెదడునకు చేరును. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్‌ను రక్తములోనికి వదలును. దానివలన నొప్పులు, నొప్పులవలన ఒత్తిడి, ఒత్తిడివలన మరల ఆక్సిటోసిన్ హెచ్చుచు, దూడ వెలువడువరకు ఈ క్రమము సాగును.

ఈ గ్రంథిసారము గర్భాశయమును సంకోచింపజేయునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ 1906లో ప్రకటించెను. 1953లో అమెరికాయందు డ్యూ విన్యో ఆక్సిటోసిన్‌ను కృత్రిమముగా తయారుచేసి, 1955లో నోబెల్ బహుమానము నందెను.

అయితే ఈ మందు కండరమును బిగించునే గాని, మూసియున్న ద్వారమును తెఱవదు. అడ్డముపడిన దూడను సరిచేయదు. గేదెలలో గర్భాశయము మెలిపడుట తఱచు. అట్టి స్థితిలో ఈ మందిచ్చినచో గర్భాశయము చినుగవచ్చును. మఱియు రక్తమున కాల్షియము తగ్గిన పశువునకు నొప్పులు మందగించును. దానికి చికిత్స వేఱు.

రైతులు గమనింపవలసినవి:

1. ఈను పశువును సందడిలేని చోట కట్టవలెను. బెదరిన పశువునకు నొప్పులు ఆగును.

2. ఉమ్మనీరు పోయి రెండు గంటలైనను దూడ కాళ్లు కనబడనిచో పశువైద్యుని పిలువవలెను. ఆయన లోపల పరీక్షించిన పిదపనే సూదిమందు.

3. మాయ పండ్రెండు గంటలలో పడనిచో బలిమిని లాగరాదు; వైద్యునికి చూపవలెను.

4. ఆక్సిటోసిన్ వైద్యుని చీటిపైననే అమ్మదగిన మందు. పాలు హెచ్చుటకై పశువుల ఆరోగ్యమునకు హాని చేయు సూదిమందులు వేయుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టముచే నిషిద్ధము.