పాత పికప్ వ్యానులకు తుప్పు తెగులు
స్టీరింగు గొట్టం సకాలంలో మార్చుకుంటే పంపు దక్కుతుంది

నరసాపురం: తీరప్రాంత గ్రామాల్లో రొయ్యలు, చేపలు, కొబ్బరికాయలు మోసే పాత పికప్ వ్యానులకు ఉప్పుగాలి పెద్ద శత్రువుగా తయారైంది. బాడీకి తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, రంగు వేయించుకోవచ్చు. ఇంజను పక్కన మరుగున ఉండే పవర్ స్టీరింగు గొట్టానికి తుప్పు పడితే మాత్రం ఆయిలు నేలమీద పడేదాకా యజమానికి తెలియదు.

మొగల్తూరు, నరసాపురం పరిసరాల చెరువుల వద్ద సరుకు ఎత్తుకున్న బండి ఐసు కరగక ముందే గమ్యం చేరాలి. గట్టు మలుపులో స్టీరింగు బరువెక్కిందంటే ఆ రోజు బాడుగే కాదు, సరుకు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

ఒత్తిడి ఎంత?

ఇంజను బెల్టుతో తిరిగే చిన్న పంపు ఆయిలును ఒత్తిడితో స్టీరింగు బాక్సుకు పంపుతుంది. ఆ ఒత్తిడే డ్రైవరు చేతికి తోడవుతుంది. పని ముగిసిన ఆయిలు రెండవ గొట్టం గుండా తిరిగి డబ్బాలోకి వస్తుంది. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పినప్పుడు మొదటి గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌన్లు దాటుతుంది. లారీ టైరులో పట్టే గాలి 100 పౌన్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే!

ఈ గొట్టం నడుమ రబ్బరు, కొసల్లో ఇనుము. రెండూ కలిసే చోట, క్లిప్పుల కింద బురద చేరి ఆరకుండా ఉంటుంది. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీరు దానికి తోడైతే తుప్పు త్వరగా తినేస్తుంది.

గుర్తులు ఇవీ

డబ్బాలో ఆయిలు తరచు తగ్గడం, బండి తిప్పేటప్పుడు పంపు మూలగడం, ఆయిలు నురగ కట్టడం, గొట్టం మీద తడి దుమ్ము అట్టకట్టడం ముఖ్యమైన గుర్తులు. లీకు ఎక్కడో చూడడానికి ఇంజను నడుస్తుండగా చేతితో తడమరాదు. సన్నని రంధ్రం నుంచి చిమ్మే ఆయిలు చర్మంలోకి దూసుకుపోగలదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆయిలు వేడి సైలెన్సరు గొట్టంపై పడితే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.

అతుకులు నిలవవు

గొట్టానికి గుడ్డ చుట్టడం, ఎంసీల్ పూయడం, కోసి క్లిప్పులు బిగించడం కొందరికి అలవాటు. ఆయిలు తిరిగివచ్చే గొట్టానికి క్లిప్పు సరిపోతుంది గాని, ఒత్తిడి గొట్టానికి ఏ అతుకూ నిలవదు. ఆయిలు లేకుండా తిరిగిన పంపు అరిగిపోతుంది. గొట్టంతో పోయేది పంపు దాకా వస్తుంది. ఆయిలు తగ్గిందని బ్రేక్ ఆయిలు పోయడం మరీ తప్పు. లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి చెడిపోతాయి.

మార్చే పద్ధతి

బండి ముందుభాగం జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరరాదు. తుప్పుపట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిలు పట్టించి, నట్టును చుట్టూ పట్టుకునే పానాతో విప్పాలి. మామూలు పానాతో నట్టు మూలలు అరిగితే పని రెట్టింపవుతుంది.

పాత బండికి అసలు గొట్టం దొరకకపోతే, విప్పిన గొట్టాన్ని పట్నంలో జేసీబీ హోసులు కట్టే దుకాణానికి తీసుకువెళ్ళి, అంత ఒత్తిడికి తగిన హోసునే కట్టించుకోవాలి. వాషర్లు, రబ్బరు రింగులు కొత్తవి వేయాలి. నట్టును మొదట చేతితో తిప్పి, మర సరిగా పట్టిన తరువాతే పానా వేయాలి. వేడి సైలెన్సరుకు, బెల్టుకు తగలకుండా గొట్టాన్ని పాత క్లిప్పుల దారిలోనే బిగించాలి.

కంపెనీ చెప్పిన ఆయిలే పోసి, ఇంజను ఆపి ఉంచి, ముందు చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు 15, 20 సార్లు నెమ్మదిగా తిప్పాలి. తగ్గిన ఆయిలు నింపుతుండాలి. గాలి పోయాక ఇంజను స్టార్టు చేసి మళ్ళీ తిప్పాలి. కొసన 5 సెకండ్లకు మించి పట్టి ఉంచరాదు. నురగ ఆగి, లీకు లేదని తేలాకే బండిని రోడ్డెక్కించాలి.

దారిలో గొట్టం తెగితే కంగారు పడనక్కరలేదు. స్టీరింగు బరువెక్కుతుంది గాని చక్రాలు తిరుగుతాయి. వేగం తగ్గించి, రెండు చేతులతో తిప్పి, బండి పక్కకు తీసి ఇంజను ఆపివేయాలి.

సరుకు దింపిన ప్రతిసారి బండి అడుగుభాగం మంచినీటితో కడిగి, నెలకొకసారి ఆ గొట్టాన్ని పరీక్షించడం యజమానులకు శ్రేయస్కరం. పంపు ఖరీదు కంటే గొట్టం ఖరీదు చాలా తక్కువ. గట్టు మీద నిలిచిపోయిన రొయ్యల లోడు ఖరీదు ఆ రెంటికంటే ఎక్కువ.