ఏసీ వేడిగాలి కొడుతోందా? గ్యాసు కంటే ముందు ఫ్యాను చూడండి!

మొఘల్‌పురా (హైదరాబాద్): షాద్‌నగర్ నుంచి బయలుదేరిన కారు ఆరాంఘర్ దాకా చల్లగానే వచ్చింది. ఫలక్‌నుమా, శాలిబండ దాటి మొఘల్‌పురా చేరేసరికి లోపల ఉడుకు మొదలైంది. ముందు ఆటో, పక్కన తోపుడుబండి, వెనక స్కూటర్లు. కారుది నత్తనడక. ఏసీ నుంచి వేడిగాలి. పెళ్లి గాజుల కోసం లాడ్ బజార్‌కు బయలుదేరిన కుటుంబం అద్దాలు దించి, చేతిలో ఉన్న పెళ్లికార్డులతోనే విసురుకోవాల్సి వచ్చింది. ఈ విలేఖరి కూడా ఆ కారులోనే ఉన్నాడు.

"మొన్ననే గ్యాసు నింపించిన సార్. ఈ ఎండకాలంల ఇది రెండోసారి" అని డ్రైవరు వాపోయాడు. కారు కిరాయికి తిప్పుకొని బతికే మనిషి. ఏసీ లేదంటే కిరాయి కోస్తారు, మళ్లీ పిలవరు.

కారును పక్కకు తీసి దగ్గరలో ఉన్న మెకానిక్‌ను పిలిచారు. అతను ఒకే ప్రశ్న అడిగాడు. "రోడ్డు మీద చల్లగ ఉండి, ఆగితే వేడొస్తదా?" డ్రైవరు అవునన్నాడు. "అయితే గ్యాసు సంగతి తర్వాత చూద్దాం" అంటూ బానెట్ ఎత్తాడు.

ఆగితేనే ఎందుకీ బాధ?

అన్నం గిన్నె మూత కింద ఆవిరి నీటి బొట్లుగా మారడం మన ఇళ్లలో రోజూ చూసేదే. ఏసీలోనూ అలాంటి పనే జరుగుతుంది. కంప్రెసర్ గ్యాసును ఒత్తి వేడిగా పంపుతుంది. కారు ముందు జాలీ వెనక ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటికి పోయి గ్యాసు ద్రవమవుతుంది. వేడి పోవాలంటే గాలి తగలాలి. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలి చాలు. సందులో ఆగితే ఆ పని ఫ్యానే చేయాలి. అది తిరగకపోతే పైపుల్లో ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం పడిపోతుంది. ఒత్తిడి హద్దు దాటితే కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది.

పాత అంబాసిడర్‌లో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజను తిరిగితే ఫ్యానూ తిరిగేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దానిలో ఇంజను అడ్డంగా ఉంటుంది కాబట్టి కరెంటు ఫ్యాను పెట్టారు. ఇప్పటి చిన్న కార్లన్నింటిదీ దాదాపు అదే పద్ధతి. కరెంటు ఉన్నచోట ఫ్యూజు, రిలే, వైర్లు, మోటారు అన్నీ ఉంటాయి. ఏది పోయినా ఫ్యాను ఆగుతుంది.

వరస తప్పకుండా చూడాలి

మెకానిక్ చేసిన పరీక్షలు ఇవి. ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది: ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ పూర్తిగా పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. కొన్ని కార్లలో ఒత్తిడి పెరిగాకే ఫ్యాను తిరుగుతుంది. కంప్రెసర్ 'టక్'మని పట్టుకున్నదా అని వినాలి. అదే పట్టుకోకపోతే గ్యాసు బాగా తగ్గి ఉండవచ్చు. అప్పుడు ఫ్యాను తిరగకపోవడం దాని తప్పు కాకపోవచ్చు.

రెండవది: ముందు జాలీలోంచి కండెన్సర్ మీద చెంబెడు నీళ్లు చల్లాలి. కాసేపట్లో లోపల చల్లబడితే గాలి తగలకపోవడమే జబ్బు అని అర్థం.

మూడవది: ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసి, రెక్కను చేత్తో తిప్పి చూడాలి. ప్లాస్టిక్ కవరో, బురదో ఇరుక్కొని ఉండవచ్చు. బేరింగు బిగిసి ఉండవచ్చు.

నాలుగవది: ఫ్యూజు. ఏది దేనిదో పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది. పోయిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో కొత్తదీ అంతే ఉండాలి. అదీ కాలిపోతే లోపం ఇంకోచోట ఉన్నట్టు. పెద్ద ఫ్యూజు పెట్టినా, తీగ ముక్క చుట్టినా బండికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

అయిదవది: రిలే. అదే నంబరున్న మరో రిలే పక్కనే ఉంటే మార్చి పెట్టి చూడాలి. ఫ్యాను తిరిగిందా, జబ్బు దొరికినట్టే.

ఆరవది: మోటారు దగ్గర కనెక్టర్ విప్పి, ఏసీ నడుస్తుండగా టెస్టు బల్బు పెట్టాలి. బల్బు వెలగకపోతే లోపం వైర్లలోనో, ఒత్తిడి చూసే స్విచ్‌లోనో ఉంది. వెలిగితే కరెంటు అందుతున్నట్టే. ఇక అనుమానం ఎర్త్ వైరు మీద, ఆ తర్వాత మోటారు మీద. కనెక్టర్ నల్లగా కమిలి ఉందేమో కూడా చూడాలి.

మన కారులో బల్బు వెలిగింది. ఎర్త్ సరిగానే ఉంది. ఇంజను ఆపి, ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ కరెంటు నేరుగా ఇచ్చినా ఫ్యాను కదలలేదు. మోటారు వెనక స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాడు. నాలుగు చుట్లు తిరిగి ఆగింది. లోపల కార్బన్‌లు అరిగిపోయాయని తేలింది. కొత్త మోటారు వేశాక నిలబడ్డ చోటే కారు చల్లబడింది. గ్యాసు మొదటి నుంచీ సరిగానే ఉంది. రెండుసార్లు నింపించిన డబ్బు మాత్రం వృథా అయింది.

జాగ్రత్తలు

తాళం తీసి ఉన్నా కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. బ్యాటరీ వైరు తీయనిదే రెక్కల్లో చెయ్యి పెట్టవద్దు. కంప్యూటర్‌తో ఫ్యాను వేగం మార్చే కొత్త కార్లకు నేరుగా కరెంటు ఇవ్వడం మంచిది కాదు. కొన్ని కార్లలో రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ ఒకటే ఫ్యాను. అది ఆగితే ఏసీతోపాటు ఇంజనూ వేడెక్కుతుంది. ముల్లు ఎర్రగీత వైపు పోతే బండి ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు.

ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు చూడకుండా నింపితే మళ్లీ పోతుంది. అవసరానికి మించి నింపితే ఒత్తిడి పెరిగి చల్లదనం ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఈసారి ఎవరైనా "గ్యాసు అయిపోయింది" అంటే ఒక్కమాట అడగండి: "ఫ్యాను తిరుగుతోందా?" అడిగినందుకు ఖర్చేమీ కాదు. అడగకపోతే వారం కిరాయి పోవచ్చు.