ఇంటి ఇంటర్నెట్టునకు అసలు ధర యెంత?



ఆదోని పత్తి యార్డునందు రైతు క్వింటాలు ధర మాత్రము విని ఊరకుండుట నే నెన్నడును చూడలేదు. తరుగెంత, కోతలేమి యని విచారించి, చేతికి వచ్చు పైకము తేల్చుకొనును. ఎమ్మిగనూరు చీర కొనువారును మడత విప్పి, పొడవు కొలిచిన పిమ్మటనే బేరమాడుదురు. ఇట్టి మనవారే ఇంటికి ఇంటర్నెట్టు తీగ వచ్చునప్పుడు “నెలకు నాలుగువందలు” అను ఒక్క మాటతో తృప్తి చెందుచున్నారు.

ఆ నాలుగువందలు తుదిధర కాదు. నూటికి 18 వంతున జి.యస్.టి. చేరి 472 రూపాయలగును. రౌటరు పెట్టెకు ధరావతు, తీగ లాగిన కూలి వేఱుగా నుండవచ్చును. ఆరు నెలల పైకము ఒక్కమాఱు కట్టిన పెట్టె ఉచితమందురు. నడుమ మానినచో మిగిలిన సొమ్ము తిరిగి వచ్చునా యని ముందే అడుగవలెను.

ధరకంటె చిక్కైనది పరిమితి. 2017 డిసెంబరు 27వ తేదీని అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారు ప్రారంభించిన ఏ.పి. ఫైబర్‌నెట్టులో తొలి పథకము ధర 149 రూపాయలు, వేగము సెకనునకు 15 మెగాబిట్లు. కాని ఆ వేగము 5 జీబీల వఱకే. 149 అను అంకె ఊరూర వినబడినది. ఈ 5 మాట అంతగా వినబడలేదు. వేగమును బిట్లలోను, వాడుకను బైట్లలోను లెక్కింతురు; బైటుకు ఎనిమిది బిట్లు. కావున నిండు వేగముతో ఎడతెగక వాడినచో 5 జీబీలు ముప్పావు గంటలో హరించిపోవును. పిల్లవాని పాఠములు నెలాఖరునకు నత్తనడక నడచుటకు కారణ మిదియే కావచ్చును.

1997లో ఏర్పడిన ట్రాయి అను కేంద్ర నియంత్రణ సంస్థ దీనికి కట్టుబాట్లు చేసినది. పరిమితి యెంత, అది దాటిన పిమ్మట వేగ మెంత యని చెప్పవలెననియు, ఆ వేగము 512 కిలోబిట్లకు తగ్గరాదనియు 2016లో ఆదేశించెను. అద్దె, ధరావతు, కనెక్షను రుసుము, షరతులు వెబ్‌సైటులోనే గాక అమ్మకపు దుకాణములందును తెలుపవలెనని 2020 సెప్టెంబరు 18న మఱియొక ఆదేశము వెలువడెను. అమెరికాలో నైతే 2024 ఏప్రిల్ నుండి, ఆహారపు పొట్లముపై నుండు చీటీవలె, ఇంటర్నెట్టు ధరలకును చీటీ చూపుట పెద్ద కంపెనీలకు విధియైనది.

కావున కేబులు మనిషి రాగానే పన్నుతో మొత్తము, పరిమితి, ఆపై వేగము, ధరావతు ఒక కాగితముపై వ్రాయించుకొనుడు. బిల్లు దానికి భిన్నముగా వచ్చినచో అతనితో జగడమాడక కంపెనీకే ఫిర్యాదు చేసి, వారిచ్చు డాకెట్టు సంఖ్యను ఆ కాగితముమీదనే గుర్తించుకొనుడు. జవాబు నచ్చని యెడల 2012 నాటి నిబంధనల ననుసరించి అప్పీలు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు.