తల్విందర్ సింగ్ పర్మార్: తీర్పు లేకుండా ముగిసిన ఉగ్రవాద జీవితం

సిక్కులకు ఖలిస్థాన్ అనే ప్రత్యేక దేశం కావాలని ఆయుధం పట్టిన నాయకులలో తల్విందర్ సింగ్ పర్మార్ ఒకడు. ఒక సమాజపు ఆవేదన హింసావాదుల చేతిలో పడితే ఎంతటి వినాశనం జరుగుతుందో, ఆ హింసను అదుపు చేయవలసిన ప్రభుత్వాలు తమ బాధ్యతను విస్మరిస్తే బాధితులకు న్యాయం ఎలా దూరమవుతుందో అతడి జీవితం తెలియజేస్తుంది.

పంజాబ్‌లోని కపుర్తలా ప్రాంతంలో 1944లో జన్మించిన పర్మార్ 1970లో కెనడాకు వలస వెళ్లి, వాంకూవర్ సమీపంలో స్థిరపడ్డాడు. గురు గ్రంథ్ సాహిబ్‌నే శాశ్వత గురువుగా భావించే సిక్కులకూ, సజీవ గురువును ఆరాధించే నిరంకారీలకూ మధ్య 1978 ఏప్రిల్ 13న, వైశాఖి పండుగనాడు, అమృత్‌సర్‌లో జరిగిన ఘర్షణలో 13 మంది సిక్కులు మరణించారు. ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా విడుదల కావడంతో ఆగ్రహం మరింత పెరిగింది. ఆ నేపథ్యంలోనే బబ్బర్ ఖాల్సా అనే సాయుధ సంస్థ రూపుదిద్దుకోగా, విదేశాలలో దానికి పర్మార్ నాయకుడయ్యాడు. పంజాబ్‌లో ఇద్దరు పోలీసుల హత్య కేసులో అతడిని అప్పగించాలన్న భారత్ అభ్యర్థనను 1982లో కెనడా తిరస్కరించింది. 1983లో పశ్చిమ జర్మనీలో అరెస్టయిన అతడు సుమారు ఏడాది తర్వాత విడుదలై తిరిగి కెనడా చేరాడు.

అప్పటికి పంజాబ్ రగులుతోంది. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంపై జరిగిన సైనిక చర్య ఆపరేషన్ బ్లూస్టార్, అక్టోబర్ 31న ప్రధాని ఇందిరాగాంధీ హత్య, ఆ వెంటనే అధికారిక లెక్కల ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది సిక్కులను బలిగొన్న మారణకాండ ప్రవాస సిక్కులను తీవ్రంగా కలచివేశాయి. ఆ దుఃఖాన్ని పర్మార్ వర్గం ప్రతీకారంగా మలిచింది.

1985 జూన్ 4న కెనడా గూఢచార సంస్థ సిబ్బంది పర్మార్‌నూ, అతడి సహచరుడు ఇందర్‌జిత్ సింగ్ రేయత్‌నూ వెంబడించి, డంకన్ పట్టణ సమీపంలోని అడవిలో పెద్ద శబ్దాన్ని విన్నారు. కానీ అది బాంబు పరీక్ష అని గుర్తించక, తుపాకీ పేలుడుగా భావించారు. జూన్ 22న వాంకూవర్ విమానాశ్రయంలో ఎం. సింగ్ పేరుతో వచ్చిన ప్రయాణికుడు, టొరంటో నుంచి తన సీటు ఖరారు కాకపోయినా, సూట్‌కేసును నేరుగా ఎయిర్ ఇండియా విమానానికి మార్చాలని పట్టుబట్టాడు. చివరికి సూట్‌కేసు వెళ్లింది, అతడు మాత్రం విమానం ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం పాడవడంతో తనిఖీ కూడా సరిగా జరగలేదు. మరునాడు ఆ సూట్‌కేసుతో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం 'కనిష్క' ఐర్లాండ్ సముద్ర తీరానికి సమీపంలో 31,000 అడుగుల ఎత్తున పేలిపోగా, అందులోని 329 మందీ మరణించారు. వారిలో 268 మంది కెనడా పౌరులు. అదే రోజు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో మరో సూట్‌కేసు పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు.

ఆ ఏడాది నవంబర్‌లో పర్మార్‌ను అరెస్టు చేసినా, సాక్ష్యాధారాలు చాలక అభియోగాలు ఉపసంహరించారు. గూఢచార సంస్థ రహస్యంగా రికార్డు చేసిన అతడి ఫోన్ సంభాషణలలో చాలా వరకు ఆ సంస్థే చెరిపివేసింది. ఆ తర్వాత అతడు దక్షిణాసియాకు వెళ్లిపోయాడు. 1992 అక్టోబర్ 15న ఎదురుకాల్పులలో మరణించాడని పంజాబ్ పోలీసులు ప్రకటించారు; అయితే ముందే పట్టుకుని, ప్రశ్నించి చంపారన్న ఆరోపణలు నేటికీ ఉన్నాయి. ఈ బాంబు పేలుళ్ల కుట్రలో శిక్ష పడింది రేయత్ ఒక్కడికే. మరో ఇద్దరు నిందితులను 2005లో న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. కుట్రకు నాయకుడు పర్మారేనని 2010లో న్యాయమూర్తి జాన్ మేజర్ విచారణ సంఘం పేర్కొన్నప్పటికీ, ఆ ఆరోపణను అతడి ముందుంచి సమాధానం రాబట్టగల న్యాయస్థానం ఏదీ లేకపోయింది.

ఉగ్రవాదిని చంపితే కేసు ముగిసినట్లు కనిపిస్తుంది, కానీ అతడికి తెలిసిన నిజం కూడా అతడితోనే పోతుంది. ఐర్లాండ్‌లోని అహకిస్టా తీరంలో స్మారకం వద్ద ఏటా జూన్ 23న సమావేశమయ్యే కుటుంబాలకు, తమ వారిని చంపినవారెవరో అందరి పేర్లతో చెప్పే తీర్పు ఇప్పటికీ లేదు.