ముందు గొట్టానికి దారి, తర్వాతే మరుగుదొడ్డి

కోడలు అడుగుపెట్టే నాటికి మేడమీద ఒక మరుగుదొడ్డి అవసరమని మా ఇంట్లో నిశ్చయించుకున్నాం. మాది దూలాల మీద రాతిబండలు పరచిన పాత మిద్దె. మేస్త్రీ వచ్చి ఒక మూల చూపి, "ముందు గది కట్టేద్దాం హజ్రత్, పైపు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. ఆ మూలకు సరిగ్గా క్రిందనే మేము నమాజు చేసుకునే గది ఉంది. ప్రక్కనే పొరుగువారి గోడ. పని ఆపించాను.

పరిశుభ్రతకై కట్టుకునేది ఇంటికే అశుద్ధం తేరాదు. కనుక గదికంటే ముందు గొట్టం దారి నిర్ణయించుకోవాలి. 4 అంగుళాల గొట్టం అడ్డంగా సాగే ప్రతి 10 అడుగులకు సుమారు 3 అంగుళాల వాలు కావాలి. పాత మిద్దెలో ఆ వాలు కోసం దూలాలను చెక్కడం ప్రమాదం. వెనుకనుంచి నీరు పోయే కమోడ్‌ను వెలుపలి గోడకు ఆనించి పెడితే నేలను తవ్వే పని ఉండదు.

ఏ గోడకు? మన ప్రాంతానికి ఖిబ్లా పడమర. ముఖమైనా, వీపైనా అటు ఉండరాదు గనుక ఉత్తరపు గోడో, దక్షిణపు గోడో అనుకూలం. ఈ సంగతి చివర గుర్తుకొస్తే సీటు త్రిప్పాలి, గొట్టానికి వంపులు పెరుగుతాయి, వంపుల వద్దే మలినం నిలుస్తుంది. వంపు తప్పనిసరైతే ఒక్క నిటారు మలుపుకు బదులు రెండు ఏటవాలు మలుపులు మేలు.

నిలువు గొట్టాన్ని పైకప్పు దాటించి గాలికి తెరచి ఉంచాలి. లేకుంటే సీటు వంపులో నిలవాల్సిన నీరు లాగివేయబడి దుర్గంధం ఇంట్లోకి వస్తుంది. గొట్టం అడుగున, మన స్థలంలోనే, మూత తీసి శుభ్రపరచగల ఛాంబరు ఉండాలి. వాననీటి గొట్టాన్ని దీనితో కలపరాదు. సెప్టిక్ ట్యాంకు పెరిగే మనుషులకు చాలునో లేదో ముందే చూపించాలి. వీధి కాలువలోకి వదలడం బాటసారులకు, పొరుగువారికి చేసే అన్యాయం. దారిలోని హానికర వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దారిలో మలినాన్ని మనమే పారిస్తే ఏమని జవాబివ్వగలం?

టైల్స్ పరచకముందే రంధ్రాలు మూసి, నేలపై నీరు నింపి ఒక పగలు, ఒక రాత్రి ఉంచండి. క్రింది గది పైకప్పు తడవకుంటేనే పని సాగించండి.

మా మరుగుదొడ్డి చివరకు దక్షిణపు గోడకు చేరింది. పని వారం ఆలస్యమైంది. నమాజు గది పైకప్పు మాత్రం నేటికీ పొడిగానే ఉంది, అల్‌హందులిల్లాహ్.