టోఫెల్ జూనియర్: ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు ఏం చేయొచ్చు?



ఎవరికి? 2023 జూన్‌లో ఈటీఎస్ సంస్థతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం ప్రకారం, అప్పట్లో ప్రభుత్వ బడుల్లో 3–5 తరగతులకు టోఫెల్ ప్రైమరీ, 6–9 తరగతులకు టోఫెల్ జూనియర్ ఉండేవి.

జూనియర్‌లో ఏముంటుంది? వినడం, వ్యాకరణం–పదాలు, చదివి అర్థం చేసుకోవడం. ఒక్కోదానిలో 42 ప్రశ్నలు. చదివే భాగానికి 50 నిమిషాలు. తప్పు పెట్టినా మార్కులు కోయరు. ఏ ప్రశ్నా వదలొద్దని చెప్పండి.

ఇంట్లో ఏం చేయాలి? సైన్స్ పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక ఇంగ్లిష్ పేరా పైకి చదివించండి. "ఏముంది అందులో?" అని తెలుగులో అడగండి. చెప్పింది తెలుగు పేజీతో సరిచూడండి. తెలియని మాట వస్తే ముందూ వెనకా చూసి ఊహించమనండి. పరీక్షలో అడిగేదీ అదే, బట్టీ పట్టిన మాటల జాబితా కాదు.

మీకు చదవడం రాకపోయినా పర్లేదు. పక్కన కూర్చుని, విని, అడిగితే చాలు.